పంచదార పందొమ్మిది రూపాయలు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

గూడూరు అనగానే చదువరులు పెట్టె సర్దుకుని రైలు దిగడానికి లేస్తారు. అది నెల్లూరు అవతలి గూడూరు, జంక్షను. మా గూడూరు కృష్ణా జిల్లాది. రైలు మా మొహం చూడదు. గుడ్లవల్లేరు, పెడన మీదుగా అటునుంచి అటే బందరు పోతుంది. మాకున్నది బెజవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు. ఆ రోడ్డు మీద, ధనుర్మాసం సగం గడిచాక, ఒక ఆటో వచ్చింది. నెత్తిన మైకు, లోపల ఒక కుర్రాడు, కుర్రాడి ఒళ్లో బందరులోని పెద్ద కొట్టువాళ్ల కరపత్రాల కట్ట. సెంటర్లో ఆగి టీ తాగి, కట్టలో సగం గాలికి వదిలి పామర్రు వైపు పోయింది. అందులో ఒకటి మా అరుగు మీదికి ఎగిరొచ్చింది.

ముప్పై ఏళ్లు బడిపిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పీ చెప్పీ నాకొక జబ్బు పట్టుకుంది. అచ్చులో ఏది కనపడినా అన్వయం కుదిర్చిగానీ వదల్లేను. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు రాశాడు కాబట్టి చెల్లింది. కరపత్రానికి టీక రాసేవాడు మూలంలో లేనిదే రాయాలి. అసలు సంగతి మూలంలో ఉండదు గనక.

మూలము

సంక్రాంతి ధమాకా! కుటుంబ సమేతంగా విచ్చేయండి!
పంచదార 1 కేజీ రూ. 60 (అడ్డంగా కొట్టివేత) రూ. 19 మాత్రమే!*
*రూ. 999 ఆపైన కొనుగోలుపై. ఒక బిల్లుకు ఒక కేజీ మాత్రమే. స్టాకు ఉన్నంతవరకే. షరతులు వర్తిస్తాయి.

ప్రతిపదార్థము

సంక్రాంతి ధమాకా = సంక్రాంతికి పేలునది. అన్యదేశ్యము. విశేషమేమీ లేదు.

కుటుంబ సమేతంగా = ఆలుబిడ్డలతో కూడి. ఈ మాట పెళ్లి శుభలేఖల్లోంచి ఇక్కడికి వలస వచ్చింది. శుభలేఖలో అది మర్యాద, ఇక్కడ అది లెక్క. ఇంటాయన ఒక్కడే వస్తే చీటీ చూసుకుంటూ ఆరు సరుకులు తీసుకుని పోతాడు. ఇల్లాలు తోడొస్తే, చీటీలో లేనివి, కానీ ఇంట్లో నిజంగా లేనివి గుర్తొస్తాయి. పిల్లలు కూడా వస్తే చీటీ బండిలో అడుక్కి పోతుంది. మోకాలి ఎత్తు అరల్లో చాక్లెట్లు, బొమ్మ ఉన్న బిస్కెట్లు ఉండడం కాకతాళీయం కాదు. ఆ అరలు ఎవరి కళ్లకు ఎదురుగా ఉంటాయో కొలిచి పెట్టారు.

పంచదార = పంచ, అనగా ఐదు; ధార, అనగా కారుట. ఐదు ధారలుగా ఇంటి డబ్బు కారిపోవుటకు హేతువైనది పంచదార. ఆ ధారలేవనగా: నూనె, పప్పు, సబ్బు, బిస్కెట్టు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా. ఈ వ్యుత్పత్తిని నిఘంటువులు ఒప్పుకోవు. నిఘంటుకారులు సరుకులకు వెళ్లినట్టు దాఖలా లేదు.

ఇక్కడొక శంక. సంక్రాంతి పిండివంట అంటే మా వైపు ముందు అరిసె. కొత్త బియ్యం నానబెట్టి, తడిపిండి కొట్టించి, బెల్లం పాకంలో కలిపి చేసేది. సున్నుండల్లోనూ బెల్లం వేసే ఇళ్లే ఎక్కువ. మరి ధమాకా బెల్లానిది కావాలి గానీ పంచదారది ఎందుకైంది?

సమాధానం బెల్లంలోనే ఉంది. బెల్లాన్ని ఎవరైనా గిల్లి నోట్లో వేసుకోకుండా కొన్నారా? ఒక అచ్చు ఎర్రగా ఉంటుంది, ఒకటి నల్లగా. ఒకటి పాకం పడుతుంది, ఒకటి ఎంత కాచినా జారిపోతుంది. అనకాపల్లిది అంటాడొకడు, కాదంటాడు పక్కవాడు. అలాంటి వస్తువుకు ‘పందొమ్మిది’ అని కరపత్రంలో వేస్తే చదివినవాడికి మొదట కలిగేది ఆనందం కాదు, అనుమానం. పంచదార అలా కాదు. ఉయ్యూరులో ఆడించినా, ఉత్తరప్రదేశ్‌లో ఆడించినా తెల్లగా, తియ్యగా ఒకే తీరు. ఈ కొట్లో కిలోకీ ఆ కొట్లో కిలోకీ ధర తప్ప మరో తేడా లేదు. ఎరగా పెట్టేది ఎప్పుడూ అలాంటిదే అయి ఉండాలి. గుణం గురించి మాట రాకూడదు, అంకె ఒక్కటే మాట్లాడాలి.

రూ. 60, దానిపై అడ్డగీత = కొట్టేసినట్టు కనిపించినా బాగా చదవబడాలన్నదే కవి ఆశయం. నిజంగా కొట్టేయదలిస్తే అచ్చు వేయకపోతే సరిపోయేది. పొట్లం మీద పన్నులన్నీ కలిపి గరిష్ఠ చిల్లర ధర వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. అది ఇంటి కప్పులాంటిది. దాన్ని దాటి అమ్మకూడదు. కింద ఎక్కడ కూర్చుని అమ్మినా అడిగేవాడు లేడు. కప్పు ఎంత ఎత్తున వేసుకోవాలో పొట్లం కట్టేవాడి ఇష్టం. ఎత్తుగా వేసుకున్నవాడు ఎక్కువ తగ్గినట్టు కనపడతాడు.

రూ. 19 = ఇది ఈ కావ్యానికి ప్రాణం. కనుక కాస్త నిలబడి చూద్దాం. మిల్లు గేటు దగ్గర పంచదార కిలో 31 రూపాయలకు తగ్గి అమ్మకూడదని కేంద్రం 2019 ఫిబ్రవరిలో నిర్ణయించింది. ఆపైన జీఎస్టీ నూటికి ఐదు, అంటే ఒక రూపాయి యాభై ఐదు పైసలు. లారీ బాడుగ, హమాలీ, కవరు, కరెంటు అన్నీ ఎవరో దాత పెట్టుకున్నాడనుకున్నా, 32 రూపాయల 55 పైసలకు తక్కువకు ఆ కిలో ఏ కొట్టుకూ చేరే దారి లేదు. మిల్లు ధర అసలు ఆ 31కి చాలా పైనే ఆడుతోంది కూడా. అంటే ప్రతి పొట్లం మీదా పదమూడున్నర రూపాయలకు తక్కువ కాకుండా చేతి డబ్బు పోతోంది. అంకె అబద్ధం కాదు. కొట్టువాడు నిజంగానే నష్టానికి అమ్ముతున్నాడు. ఈ టీకలో ఇదొక్కటే నేను ఖండితంగా చెప్పగలిగింది. ఎందుకు అమ్ముతున్నాడన్నది ముందు ముందు వస్తుంది.

మాత్రమే = ఈ మాట రెండుసార్లు వచ్చింది. ‘19 మాత్రమే’, ‘ఒక కేజీ మాత్రమే’. శబ్దం ఒకటే, అర్థం ఒకటే, తాత్పర్యం వేరు. లాటానుప్రాసం. మొదటి ‘మాత్రమే’ తలుపు తెరుస్తుంది, రెండోది మూస్తుంది. ధర ఒక్కటే చెప్పి జనాన్ని కదిలించడం మా ప్రాంతానికి కొత్త కాదు. కిలో రెండు రూపాయల బియ్యం అన్న మాటతో 1983లో ముఖ్యమంత్రి అయిన ఎన్టీ రామారావుగారి నిమ్మకూరు మాకు ఇరుగుపొరుగే. ఆ రెండు రూపాయల వెనకాల ఖజానా నిలబడింది. ఈ పందొమ్మిది వెనకాల జీడిపప్పు నిలబడింది.

ఒక బిల్లుకు ఒక కేజీ = ఒక్కడే బస్తాలు ఎత్తుకుపోకుండా అందరికీ తలా కాస్త అందాలన్న సమదృష్టి. ఈ పాదానికి ఇంతకన్నా లోతు లేదు.

* = నక్షత్రము. పెళ్లిలో అరుంధతిని చూపించడం ఎరిగినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. అరుంధతి చిన్న చుక్క. నేరుగా చూపిస్తే ఆనదు. కనక పురోహితుడు ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపించి, దాని పక్కన చూడు నాయనా అంటాడు. దీన్నే స్థూలారుంధతీ న్యాయం అన్నారు. ఈ కరపత్రంలో పెద్ద చుక్క అరచేయంత 19. దాని భుజం మీద ఆవగింజంత అరుంధతి. పగటి పెళ్లిలో వరుడు కనపడకపోయినా కనపడిందంటాడే, మనమూ అంతే. షరతులు చదివారా అంటే చదివామనే అంటాం.

రూ. 999 = వెయ్యికి ఒకటి తక్కువ. ఆ ఒక్క రూపాయే దాన్ని తొమ్మిది వందల జాతిలో ఉంచుతోంది. సరిగ్గా 999కి ఎవరూ కొనలేరు. 960 దగ్గర ఆగి, ఇంకో నలభైకి ఏదో ఒకటి అని వెనక్కి నడిచి, నూట డెబ్భైది పట్టుకొచ్చేవారే అందరూ.

స్టాకు ఉన్నంతవరకే = మనం చేరేంతవరకు.

షరతులు వర్తిస్తాయి = సుగమము. వర్తకుడికీ వర్తించడానికీ ధాతువు ఒక్కటేనని మాత్రం గమనించేది.

అన్వయము

వెయ్యి రూపాయల సరుకు కొన్న కుటుంబీకునకు, ఉంటే, ఒక కిలో పంచదార పందొమ్మిదికి ఇవ్వబడును.

ఇలా వరస మార్చి చదివితే గద్యం. కవి రాసిన వరసలో చదివితే కావ్యం.

పూర్వపక్షము

సెంటర్లో టీ కొట్టు దగ్గర దీనిపై పెద్ద చర్చే నడిచింది. పాత సరుకు వదిలించుకుంటున్నాడన్నాడొకాయన. పంచదారకు పాతేమిటి, చెమ్మ తగలకపోతే ఏళ్లు ఉంటుంది. బిస్కెట్లయితే ఒప్పుకుందుం. పండక్కి పేదసాదలకు పంచుతున్నాడు, మంచివాడు అన్నాడు మరొకాయన. పేదసాదలు వెయ్యి రూపాయల బిల్లు వెయ్యాలని షరతు పెట్టిన దాత పురాణాల్లోనూ లేడు.

మూడో ఆయన, సొసైటీలో గుమాస్తాగా చేసినవాడు, లారీల లెక్కన కొంటాడు కాబట్టి వాడికి చవకే పడుతుందన్నాడు. ఇందులో సగం నిజముంది. పెద్ద కొట్టు కంపెనీ దగ్గర నేరుగా కొంటుంది. సరుకు అమ్ముడై డబ్బు గల్లాలో పడ్డాక కంపెనీకి కట్టే వెసులుబాటు చాలాచోట్ల ఉంటుంది. పైపెచ్చు, ఎదురుగా కనపడే అరలో తమ సబ్బు పెట్టించుకోవడానికి కంపెనీలే ఎదురు డబ్బిస్తాయి. మా ఊరి పచారీ కొట్లో సబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఎలక. అయితే ఎన్ని లారీలు కొన్నా 31 రూపాయల మెట్టు కిందకు దిగలేడని పైన లెక్క వేశాం. కాబట్టి ఇదీ చాలదు.

సిద్ధాంతము

మా ఇంట్లోనే పరీక్ష పెట్టాను. వంటింటి గుమ్మంలో నిలబడి, “పంచదార కిలో ఎంతుందే?” అన్నాను. “నలభై నాలుగు. మొన్న నలభై ఆరన్నాడు” అంది మా ఆవిడ, వెనక్కి తిరక్కుండా. నూనె ప్యాకెట్టు? అదీ చెప్పింది, రెండు కంపెనీలవి. మినప్పప్పు? గుండు వేరు, బద్ద వేరు, పొట్టుది వేరు, మూడు ధరలు. జీడిపప్పు పావుకిలో? గరిటె ఆగింది. “మీరేగా తెచ్చారు, నన్నడుగుతారేం?” యాలకులు? “పండక్కి తెస్తాం. ఎంతో ఏమో.” అగరొత్తులు, స్టీలు పీచు, గులాబ్ జామ్ పొడి, పిల్లవాడి పెన్సిలు పెట్టె: ఒక్కదానికీ జవాబు లేదు.

ఇదే రహస్యమంతా. ప్రతి ఇంటికీ గుర్తున్న ధరలు పదో పదిహేనో ఉంటాయి. ఒక కొట్టు చవకో పిరమో తేల్చేది ఆ పదిహేనే. మిగిలిన వందల సరుకుల ధరలు ఎవరికీ గుర్తుండవు, పక్క కొట్లో ఎంతో అడగాలనీ తోచదు. గుర్తున్నవాటి మీద పోగొట్టుకుని, గుర్తులేనివాటి మీద రాబట్టుకుంటాడు. పంచదార మీద పోయిన పదమూడున్నర పలాస జీడిగుండ్ల పావుకిలో మీద ఒక్క దెబ్బకు తిరిగొస్తుంది. వాడికి మన జ్ఞాపకశక్తి మీద మనకున్న నమ్మకం లేదు, మన మతిమరుపు మీద ఉంది.

ఊరిని బట్టి ఈ జ్ఞాపకాల జాబితా మారుతుంది. మా డెల్టాలో వరి కోతలకు ముందో వెనకో అదే చేలో మినుము చల్లుతారు. ఇంటికి కాసిని మినుములు గాదెలోనో డబ్బాలోనో ఉంటాయి, లేనివాడికి వియ్యంకుడి చేలో ఉంటాయి. మినప్పప్పు ధర చెప్పి గూడూరులో ఎవరి కళ్లకూ గంతలు కట్టలేరు. అందుకని బందరు కొట్లో మినప్పప్పు ధర వినయంగా ఉంటుంది. పట్నంలో ఎలా ఉంటుందో అక్కడివాళ్లు చూసుకోవాలి.

సరే, గుర్తున్నదాన్నే తగ్గించనీ. పండగకే ఎందుకు? గిరాకీ పెరిగితే ధర పెరగాలని కదా ఎవరైనా అనుకునేది. పండగనాడు చామంతి మూర ధర చూడండి, పెరుగుతుంది. తోటలో పూసినన్నే పూలు. కానీ పంచదార అలా కరువొచ్చే సరుకు కాదు. ఏ మిల్లు ఏ నెల ఎంత అమ్మాలో కేంద్రం కోటా వేస్తుంది, పండగ గిరాకీని కూడా చూసుకునే వేస్తుంది. గోదాముల నిండా ఉంది. కరువు లేనప్పుడు మిగిలేది పోటీ. మామూలు నెలలో మనం వారానికి నాలుగు సరుకులు కొంటాం. నాలుగు సరుకులవాడి కోసం ఎర దండగ. పండక్కి అల్లుళ్లు, కూతుళ్లు, హైదరాబాదు నుంచి దిగిన మనవలు, చీటీ మూరెడు. అంత పెద్ద బుట్ట ఏ కొట్టు గుమ్మంలోకి పోతుందన్నదే పందెం. నాగాయలంక వైపు గాలం వేసేవాణ్ని అడగండి, చేపలు తిరగని రోజున వానపాము ఎవడూ ఖర్చు పెట్టడు.

లెక్కగా చూసినా అంతే. వెయ్యి రూపాయల సరుకు మీద నూటికి పది మిగులుతుందనుకుందాం. వంద వచ్చింది, పంచదార మీద పదమూడున్నర పోయింది. మైకు పెట్టి ఆటో తిప్పిన ఖర్చులాంటిదే ఇదీ. ఆ మైకు వీధిలో మోగుతుంది, ఈ పంచదార వంటింట్లో మోగుతుంది.

దేశాంతర పాఠములు

ఈ కావ్యానికి పాఠాంతరాలు లోకమంతా ఉన్నాయి. అమెరికాలోని చికాగోలో డొమినిక్స్ అనే కొట్ల బిల్లుల లెక్కలు ముందేసుకుని షెవాలియే, కశ్యప్, రోసీ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు 2003లో ఒక వ్యాసం వెలువరించారు. కశ్యపుడి పేరున్నవాడు ఒకడున్నాడు కనక మనమూ ప్రమాణంగా తీసుకోవచ్చు. క్రైస్తవులు లెంట్ ఉపవాస దినాల్లో మాంసం మాని చేప తింటారు. ట్యూనా డబ్బాలకు గిరాకీ అప్పుడే. ధర పెరగాలి కదా? తగ్గింది. కొట్లన్నీ పోటీ పడి తాము ప్రకటనల్లో వేసే సరుకునే, జనం దానికోసం ఎగబడే రోజుల్లోనే తగ్గిస్తాయని వాళ్లు తేల్చారు. ఇంగ్లండులో క్రిస్మస్ వారం వస్తే పెద్ద కొట్లు కారట్లు, బంగాళదుంపలు, బ్రస్సెల్స్ స్ప్రౌట్లు సంచి పావు పౌనుకు లోపే పారేస్తాయి. మామూలు రోజుల్లో వాటి మొహం చూడని ఇల్లు కూడా ఆ రోజు వండుతుంది. ఫ్రాన్సువాళ్లకు ఈ రసం రుచించలేదు. కొన్న ధరకన్నా తక్కువకు తిరిగి అమ్మడాన్ని 1963లోనే చట్టం చేసి నిషేధించారు. మన దేశంలో అంత పట్టింపు లేదు. 2002 నాటి పోటీ చట్టం కూడా, మార్కెట్టును ఏలేవాడు పక్కవాణ్ని తుడిచిపెట్టే ఉద్దేశంతో ఖర్చుకన్నా తక్కువకు అమ్మితేనే తప్పంటుంది.

అన్నట్టు, బందరు లడ్డు ధర పండక్కి తగ్గడం ఎవరైనా చూశారా? సెనగపిండి కారప్పూసలా నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ తొక్కి తొక్కి చేసే వస్తువు. తొక్కుడు లడ్డు అన్న పేరు అందుకే. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దానికి ధమాకా లేదు, నక్షత్రం లేదు. దానికోసమే బయల్దేరి వచ్చినవాడికి ఎర ఎందుకు?

ప్రయోగము

టీక రాసినవాడు వేదిక ఎక్కి చూడాలి కాబట్టి, భోగికి రెండు రోజుల ముందు పామర్రు నుంచి వచ్చే బస్సెక్కి బందరు వెళ్లాను. కుటుంబ సమేతంగా కాదు, ఒక్కణ్నే. ఎర తెలిసిన చేపను కదా, ధీమా ఉంది.

పంచదార అన్నిటికన్నా వెనక గోడకు ఆనించి ఉంది. అక్కడికి చేరడానికి అగరొత్తుల సందు, ప్లాస్టిక్ డబ్బాల సందు, మరమరాల సందు దాటాలి. మూతకు రబ్బరున్న డబ్బా ఒకటి నన్ను చూసింది. దాన్ని కొనవలసిన కారణాలు నాకే రెండు తోచాయి. చివరికి ఒక బల్ల, బల్ల మీద పెద్ద 19, కింద ఖాళీ. “పొద్దున్నే అయిపోయిందండీ” అంది నీలం చొక్కా అమ్మాయి. పాపం, ఆ మాట అప్పటికి ఎన్నోసారో.

బిల్లు 1,346 అయింది. అడుగున ‘మీ ఆదా రూ. 212’ అని ఉంది. హిందీవాడు ‘అదా’ చేయడమంటే చెల్లించడం. దీర్ఘం ఒక్కటే తేడా. ఆ అంకెను రెండు భాషల్లోనూ చదువుకుంటూ బస్సెక్కాను.

ఇంటికి రాగానే, “ఏవండీ, పంచదారేదీ?” అంది. నేను డబ్బా చూపించాను. పోసుకోవడానికి బాగానే ఉందంది.

చేసేది లేక మా వీధి చివరి పచారీ కొట్టుకు వెళ్లాను. కొట్టతను నా దగ్గర ఏడో తరగతి చదివాడు. సంధులు రాలేదు గానీ ఎక్కాలు బాగా వచ్చేవి.

“రండి మాస్టారూ. పంచదారా?” అంటూ వెనకనుంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. పొట్లం మీద బందరు కొట్టు గుర్తు.

“ఇదెక్కడిదిరా?”

“నేనూ, మా ఆవిడా, పిల్లలిద్దరూ వెళ్లామండీ. నాలుగు బిల్లులు వేయించాం. పొద్దున తలుపులు తీసే టైముకి.”

“మరి బిల్లుకు తొమ్మిదొందల తొంభై తొమ్మిది?”

“నూనె ప్యాకెట్లు కొన్నామండీ. కొట్లోకి ఎలాగూ కావాలిగా. డీలరు నాకిచ్చే రేటు కంటే అక్కడే తక్కువుంది.”

“ఇదెంత?”

“నలభై నాలుగండీ. మీరు కాబట్టి నలభై రెండు. పద్దులో రాసుకోమంటారా?”

రాసుకోమన్నాను. పొట్లం వంటింట్లో ఇచ్చి, అరుగు మీద కూర్చుని నా వ్యాఖ్యానం తిరగేశాను. ‘ఒక బిల్లుకు ఒక కేజీ’ అన్న పాదం దగ్గర ‘సమదృష్టి’ అని రాసుకున్నాను. దాన్ని కొట్టేసి, ‘పచారీ కొట్లవాళ్లు జొరబడకుండా వేసిన కంప’ అని దిద్దాను. దిద్దినదాని భుజం మీద ఒక చిన్న నక్షత్రం పెట్టి అడుగున చేర్చాను: కంప దాటవచ్చును, కుటుంబ సమేతంగా.